ఆకలితో పెంచిన మొక్కలు

నాలుగు రోజులు పనిమీద ఊరెళ్లి రాత్రే తిరిగొచ్చిన కోడలు, పొద్దున్నే టీ కప్పుతో వెనక గదిలోకి వెళ్లి ట్రేల ముందు ఆగిపోయింది. ఐదు వారాలుగా పాలిపోయి ఉన్న మొక్కలు ఇప్పుడు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి.

ల్యాబులో మొక్కలు పెంచే దీపాల గది మరమ్మతుకు వచ్చినప్పుడు, పీహెచ్‌డీ గైడును ఒప్పించి ఆ రెండు ట్రేలను ఇంటికి తెచ్చుకుంది. నత్రజని తగ్గితే మొక్కలో ఒక ప్రోటీన్ కొన్ని జన్యువులను నిద్రలేపుతుంది. అప్పుడు వేరు ఆహారం వెతుక్కుంటూ పొడుగ్గా సాగుతుంది. ఒక ట్రేలోవి మామూలు మొక్కలు, రెండోదాంట్లోవి ఆ ప్రోటీన్ లేనివి. రెంటినీ నత్రజని అందకుండా పెంచి, వేళ్లు కొలిచి, నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. మూడోసారి ఇస్తారన్న నమ్మకం లేదు.

వంటింట్లోకి వచ్చి, ట్రేల్లో ఎరువు ఎవరు వేశారని అడిగింది. భర్త పేపరు దించకుండానే తనేనన్నాడు.

“మీరా? ఆమధ్య కాఫీలో ఉప్పు కలిపిన మనిషి. యూరియా డబ్బా ఎక్కడుందో చెప్పండి చూద్దాం.”

అతను తల్లివైపు చూశాడు. అంతటితో దొరికిపోయాడు.

ముప్పై ఏళ్లు నర్సరీలో నారు పెంచిన అత్తగారు కత్తిపీట పక్కకు జరిపారు. “నేనే వేశానమ్మా. నువ్వు వెళ్లిన రోజే, నీళ్లలో చిటికెడు కలిపి. కళ్లముందు చస్తుంటే చూస్తూ ఎలా ఊరుకోను?”

కోడలి గొంతు పెరగలేదు. అదే ఇంకా భయంగా ఉంది. ఐదు వారాలు మట్టిపాలయ్యాయంది. ఈ ఇంట్లో తన పనంటే కుండీల సరదా అంది. భర్త సర్దిచెప్పబోతే, మీ అబద్ధం వంతు అయిపోయింది, కూర్చోండంది. చివరికి అత్తగారితో, “ఇకమీదట ఆ గదిలో అడుగు పెట్టకండి,” అనేసింది.

పెద్దావిడ చేతులు కొంగుకు తుడుచుకున్నారు.

“ఎందుకిలా పాలిపోతున్నాయని రెండుసార్లు అడిగాను. చెప్పినా మీకర్థం కాదన్నావు. నాకర్థమయ్యేదే నేను చేశాను.”

ఆ మాట కోడలికి గుర్తుంది. ఫోన్ చూసుకుంటూ అన్నది. వెనక గదిలోకి వెళ్లి, ఒక మొక్కను పెరికి, మట్టి కడిగి, మిగిలిన విత్తనాల పొట్లంతో పాటు తెచ్చి బల్లమీద పెట్టింది. ఎందుకు ఆకలితో ఉంచిందో, వేరు ఏం చేయాలో, ఏ ట్రేలోది ఆ పని చేయలేకపోతుందో, మొదటిసారి ఎదురుగా కూర్చుని చెప్పింది.

అత్తగారు ఆ వేరును గోటితో నిమిరి చూశారు. “నాటడానికి వారం ముందు మేమూ నారుకి ఎరువు ఆపేసేవాళ్లం, వేరు కిందికి దిగాలని. నీ పెద్ద చదువు దీని గురించేనని నాకేం తెలుసు?” ఆవిడ కళ్లు నిండాయి. “ముందే చెప్పుంటే నా చేతులు నేనే కట్టేసుకునేదాన్ని కదే.”

కోడలు గైడుకు ఫోన్ చేసింది. మొక్కలు పాడయ్యాయని, ఇంకో ఆరు వారాలు కావాలని అడిగింది. ఎవరు పాడుచేశారని ఆయన గట్టిగానే అడిగారు.

“నా పొరపాటే సార్. నారు సంగతి తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నారు. ఆవిడకి నేను ఒక్క ముక్క చెప్పలేదు.”

గడువు సంగతి సాయంత్రం చెబుతానని ఆయన ఫోన్ పెట్టేశారు.

వెనక్కి తిరిగేసరికి అత్తగారు బల్లమీది విత్తనాల పొట్లం పట్టుకుని వెనక గది గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. కోడలి కళ్లు మసకబారాయి. దగ్గరికెళ్లి, ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది.