నిద్రపోని ఖాతా

లిఫ్టు పనిచెయ్యడం లేదు!

మెదెత్ మెట్లెక్కుతున్నాడు. రెండేసి... మూడేసి...

అల్మాతీ నగరంలో చీకటి పడుతోంది. బూట్లకంటిన మంచు మెట్లమీద కరుగుతోంది. చేతిలో ఫోన్. తెరమీద ఆన్‌లైన్ పోకర్. ఆడుతున్నవాళ్లలో సయాన్ పేరు.

దొరికాడు దొంగ!

నెలరోజులుగా ఆ ఖాతాకి నిద్ర లేదు. నెలనెలా ఎవరెక్కువ ఆడితే వాళ్లకే సైట్ బోనస్. ఎన్నాళ్లుగానో అది మెదెత్‌దే. దానిమీదే ఇల్లు గడిచేది. ఈసారి సయాన్ తన్నుకుపోతున్నాడు.

మనిషన్నవాడు అంతసేపు ఆడగలడా? సాఫ్ట్‌వేర్!

ఒకే గిన్నెలో గుర్రప్పాలు తాగిన స్నేహం వాళ్లది. సొంత బుర్రతోనే ఆడదామని ఒట్టేసుకున్నారు. సయాన్ ఒట్టు తప్పాడని రెండేళ్ల కిందట మెదెత్‌కి అనుమానం వచ్చింది. అంతే, మాటలు తెగిపోయాయి.

సైట్ వాళ్లకి ఫోన్ కలిపాడు.

"ఆ ఖాతా మూసెయ్యండి! ఆడేది మనిషి కాదు!"

"చూస్తున్నాం సార్."

ఐదో అంతస్తు. తలుపు దబదబా బాదాడు.

"సయాన్! బయటికి రారా!"

తలుపు తీసింది సయాన్ భార్య మక్పాల్. చేతులకి పిండి. లోపల్నుంచి నూనె వాసన.

"వాడేడి వదినా?"

తోసుకుంటూ వెళ్లాడు. బల్లమీద ఏడు రొట్టెలు! పోయినవాళ్ల పేరున శుక్రవారం వేయించే రొట్టెలు. తను వచ్చిపోయే రోజుల్లో ఈ ఇంట్లో ఎప్పుడూ చెయ్యలేదు.

మెదెత్ కాళ్లు ఆగిపోయాయి.

"ఎవరి... పేరున?"

"ఇంకెవరి పేరున? ఆయన పేరునే. చలికాలం మొదట్లో గుండె ఆగిపోయింది. నీకెన్నిసార్లు ఫోన్ చేశానో! నా నంబర్ కూడా బ్లాక్ చేశావుగా!"

మూలనున్న కంప్యూటర్‌లో ఆట సాగుతోంది. ముందు కుర్చీ ఖాళీ.

"బతికున్నన్నాళ్లూ ఆయన ఒట్టు తప్పలేదు మెదెత్. ఈ సాఫ్ట్‌వేర్ నేను పెట్టించాను. ఆయన పాత ఆటలన్నీ దానికి నేర్పించాను. తప్పే, తెలుసు. కానీ చూడు... అచ్చం ఆయన్లాగే ఆడుతుంది."

తెరమీద పనికిరాని పేకముక్కలు. అయినా ఉన్నదంతా ఒడ్డేసింది!

సయాన్ పొగరే అది! సయాన్ దబాయింపే!

మెదెత్‌కి నవ్వొచ్చింది. ఆ వెంటే ఏడుపు ముంచుకొచ్చింది. మళ్లీ ఫోన్ కలిపాడు.

"సార్! నా ఫిర్యాదు తప్పు! ఆపండి... మీ కాళ్లు పట్టుకుంటా!"

"తప్పేం కాదు సార్. మీరు చెప్పింది నిజమే. మూసేశాం."

తెర నల్లబడింది.

మక్పాల్ పరుగున వచ్చింది. మీటలు నొక్కింది. మళ్లీ నొక్కింది. ఏమీ కదల్లేదు. మెల్లగా మెదెత్ వైపు తిరిగింది.

"నువ్వా?"

మెదెత్ చేతిలో ఫోన్ టింగుమంది.

'అభినందనలు! ఈ నెల బోనస్ మీదే!'

ఆమె చదివింది.

"గెలిచావుగా మెదెత్... ఇక వెళ్లు."