ఆరుతున్న ఫిల్మ్

ఉదయం 11.10కి, ఢిల్లీ కమిటీ కళ్ళెదుటే లేజర్ అద్దం పగిలింది.

1996, విశ్వకర్మ పూజ రోజు. రాజ్‌కిశోర్ నగర్ ల్యాబ్‌లో డాక్టర్ చంద్రమౌళి ఒక్క గదిలో పట్టే ఎక్స్‌రే యంత్రం కట్టాడు. కమిటీ వచ్చింది అది చూడ్డానికే. దూసుకొచ్చే ఎలక్ట్రాన్లకు లేజర్ కాంతి ఎదురైతేనే ఎక్స్‌రేలు పుడతాయి. కాంతిని అటు మళ్ళించేది ఆ అద్దమే.

పగిలిన ముక్కల మీద మాడిన కుంకుమ. అద్దం మీద చిన్న మరక ఉన్నా లేజర్ వేడి అక్కడే చేరి పగలగొడుతుంది.

యంత్రాలకు బొట్లు పెట్టింది అటెండర్ ఎర్రయ్య. నాలుగు నెలల్లో రిటైర్మెంట్. చంద్రమౌళి అతని మీదే ఫిర్యాదు ఇచ్చాడు. నేరం రుజువైతే పెన్షన్ పోతుంది.

ఇన్‌స్పెక్టర్ జానకిరామ్ రైల్వే క్వార్టర్లలో, ఎర్రయ్య లాంటివాళ్ళ యాస వింటూ పెరిగినవాడు.

"అద్దానికి బొట్టెట్టేవా బాబాయ్?"

"మూత మీదెట్టాను బాబూ. లోపల సెయ్యెట్టడానికి నానేటి పిచ్చోణ్నా?"

పూజ తొమ్మిదికి అయింది. 9.15కి ఎర్రయ్య ప్రసాదం పట్టుకుని రైలింజన్లుండే లోకో షెడ్‌కు వెళ్ళాడు. చంద్రమౌళి కమిటీ కోసం రైల్వే స్టేషన్‌కు వెళ్ళాడు. ఇద్దరూ తిరిగొచ్చింది పదకొండుకి. గేటు రిజిస్టర్ అదే చెప్పింది. ఆలోగా యంత్రం ఎవరూ నడపలేదని చంద్రమౌళి అన్నాడు.

డార్క్‌రూమ్‌లో క్లిప్పుకు ఒక ఫిల్మ్ ఇంకా తడిగా వేలాడుతోంది. మామూలు టెస్ట్ ఫిల్మ్ అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. జానకిరామ్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

మూడింటికి ఎర్రయ్యనీ, చంద్రమౌళినీ, ల్యాబ్ అసిస్టెంటు జ్యోతిర్మయినీ కూర్చోబెట్టాడు.

"ఇదేటి బాబాయ్?"

"కొబ్బరి సెక్క. మూడు కళ్ళూ అవుపిస్తన్నాయి."

"కాయ కొట్టింది తొమ్మిదికి. చెక్కకి ఎక్స్‌రే వచ్చిందంటే, పూజ అయ్యాక కూడా అద్దం బాగానే ఉంది. బొట్టు పడింది ఆ తర్వాత. అప్పటికి బాబాయ్ షెడ్‌లో ఉన్నాడు. తిరిగొచ్చాక కమిటీ ఇక్కడే ఉంది."

కాయ తెచ్చినవారికి ఒక చెక్క తిరిగివ్వడం ఆనవాయితీ. ఆ చెక్క ఎవరికిచ్చావని అడిగాడు. ఎర్రయ్య తల దించుకున్నాడు.

"నాకే," అంది జ్యోతిర్మయి. "డిజైన్ నాది సార్. నాలుగేళ్ళు. కమిటీకిచ్చిన రిపోర్టులో నా పేరు లేదు. నిన్న డాక్టర్‌గారిని అడిగితే, టైపిస్టు మర్చిపోయుంటాడని నవ్వారు."

"మరి ఫిల్మ్ ఎందుకు?"

"పాడుచేసే ముందు, ఒక్కసారైనా నా చేత్తో నడిపి చూసుకుందామని."

"బాబాయ్ మీదకొస్తుందని తెలీదా?"

"తెలుసు." ఆమె ఎర్రయ్య వైపు చూడలేకపోయింది.

జానకిరామ్ కాగితం తీశాడు. పేరు అడిగాడు.

జ్యోతిర్మయి చంద్రమౌళి కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఇంటిపేరుతో సహా రాయండి సార్. యంత్రం ఎవరు డిజైన్ చేశారో కూడా రాయండి. మీ టైపిస్టైనా మర్చిపోకుండా చూసుకోండి."