మ్యూట్ చేసిన మాట

జెస్లిన్ గొంతు దీక్షిత్‌కి రెండుసార్లు వినిపించేది. మొదట బేస్‌మెంట్ పైకప్పులో, వేడిగాలి వచ్చే హీటింగ్ వెంట్‌లోంచి, ఆ వెంటనే ల్యాప్‌టాప్‌లోంచి.

కెనడాలో, సస్కటూన్‌లోని ఆ అద్దె ఇంట్లో ఆమె పైన, అతను కింద. ఇద్దరిదీ ఒకే ఆన్‌లైన్ కోర్సు: శాంతి, సంఘర్షణల పరిష్కారం. ఇద్దరి మధ్యా మాటలు మాత్రం లేవు.

గొడవ కారు దగ్గర వచ్చింది. ఆ చలికి రాత్రంతా ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే హీటర్ వైరు ప్లగ్‌లో పెట్టకపోతే పొద్దున కారు కదలదు. ఇంటి బయట ఉన్నది ఒకే ప్లగ్. శనివారం రాత్రి, ఒక్క ఆదివారం జెస్లిన్ చర్చికి వెళ్లకపోతే ఏమవుతుందిలే అనుకుని, దీక్షిత్ ఆమె కారు వైరు పీకేసి తనది పెట్టుకున్నాడు. తెల్లారకముందే షిఫ్ట్‌కి వెళ్లిపోయాడు. జెస్లిన్ కారు స్టార్ట్ కాలేదు. ఆ రోజు చర్చిలో ఆమె పాట ఉంది.

సాయంత్రం ఆమె నిలదీస్తే, "మీ చర్చి యూట్యూబ్‌ల కూడా వస్తది కదా?" అన్నాడు.

అన్న క్షణంలోనే తప్పని తెలిసింది. కానీ తెలియడానికీ ఒప్పుకోవడానికీ మధ్య అతనిలో ఎప్పుడూ చాలా దూరం ఉండేది.

నెలాఖరుకి ఆమె ఇల్లు ఖాళీ చేసి రెజైనా నగరానికి వెళ్లిపోతోందని ఇంటి ఓనర్ ఆంటీ చెప్పింది. ఆన్‌లైన్ చదువేగా, ఎక్కడుంటే ఏం? ఆ మాట విన్నప్పటి నుంచి దీక్షిత్‌కి అన్నం సయించలేదు.

ఆ మధ్యాహ్నం క్లాసులో ప్రొఫెసర్ అందర్నీ ఇద్దరిద్దరుగా విడదీసింది. ఎదుటివాళ్ల బాధని తమ బాధగా చెప్పాలి. వాళ్లు "అవును, అదే" అనేదాకా చెప్పాలి. దీక్షిత్ స్క్రీన్ మీద జెస్లిన్ ప్రత్యక్షమైంది.

"నేను దీక్షిత్‌ని," ఆమె మొదలుపెట్టింది. "నా కారు, నా బిర్యానీ తప్ప నాకు ప్రపంచం లేదు. సారీ అనే మాట మా ఊళ్లో దొరకదు."

"ఇది ఎక్సర్‌సైజా, తిట్టుడా?"

"పాత్రలో లీనమైపోయాను. ఏమనుకోకండి బాబూ!"

అతను నవ్వాపుకున్నాడు. "అది కాదు. లేట్‌గా పోయినందుకు అప్పటికే వార్నింగ్ ఇచ్చిన్రు. జాబ్ పోతదని భయమైంది."

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవచ్చుగా?"

"నోరు రాలే."

ఆమె కెమెరాకి దగ్గరగా జరిగింది. "సరే. నేను దీక్షిత్‌ని. భయపడ్డాను. భయం దాచుకోడానికి వెటకారం చేశాను."

"అవును, అదే."

ఇక అతని వంతు. "నేను జెస్లిన్‌ని. నా బాధ కారు గురించి కాదు. ఆ పాట రోజూ ప్రాక్టీస్ చేసిన. రెండో చరణంల గొంతు తడబడేది. శనివారం తడబడలే. భీమవరంల అమ్మమ్మ నా కోసం యూట్యూబ్ ముందు కూర్చుంది. నేను కనబడలే. అందుకే ఆ యూట్యూబ్ మాట గుచ్చుకుంది. సారీ జెస్లిన్."

ఆమె తల తిప్పుకుంది. స్క్రీన్ మీద ఆమె మైక్ మ్యూట్ అయింది. పెదవులు కదులుతున్నాయి గానీ ల్యాప్‌టాప్‌లోంచి శబ్దం లేదు.

పైనుంచి మాత్రం స్పష్టంగా వచ్చింది. "హమ్మయ్య! వీడికి అర్థమైంది దేవా. నేను ఇష్టపడ్డవాడు ఉత్త మొద్దేమోనని ఎంత భయపడ్డాను! ఇక రెజైనా వెళ్లక్కర్లేదు."

విననట్టు ఊరుకోవచ్చు. ఇన్నాళ్లూ చేసిందదే. దీక్షిత్ లేచి, కుర్చీ ఎక్కి, వెంట్ దగ్గర నోరు పెట్టాడు.

"జెస్లిన్, మ్యూట్ ల్యాప్‌టాప్‌కే. వెంట్‌కి లేదు."

పైన ఏదో దబ్బున పడింది.

"అంటే... నా పాట, అమ్మమ్మతో ఫోన్ మాటలు కూడా?"

"రోజూ విన్న. నీ పాట అయ్యేదాకా అన్నం ముట్టేటోణ్ని కాదు. ఇష్టం నీకొక్కదానికే అనుకున్నవా?"

వెచ్చటి గాలితో పాటు నవ్వు వచ్చింది, ముందు పైనుంచి, ఆ వెంటనే ల్యాప్‌టాప్‌లోంచి. ఆమె మ్యూట్ తీసేసింది.

ప్రొఫెసర్ అందర్నీ వెనక్కి పిలిచి, ఒక్కో జంట ఏ ఒప్పందానికి వచ్చిందని అడిగింది. జెస్లిన్ చాట్‌లో టైప్ చేసింది: "ఆదివారం ఒక్క కారే. డ్రైవింగ్ అతను, పాట నేను."

"అవును, అదే," అన్నాడు దీక్షిత్, ఇంకా కుర్చీ మీదే నిలబడి.