ఆమె ఎటు తిప్పితే అటు

ఎడ్విజ్‌కి నలభై తొమ్మిదేళ్లు. సైకిల్ యాత్రలో ఏ ఊళ్లో రాత్రి దిగినా, పడుకోకముందే రెండు జతల బట్టలు ఉతికి ఆరేస్తుంది. అందులో ఒక జతే తనది.

ఆమె నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. మా ఫ్రెవాల్ ఊరి చాకిరేవు సంగతి ఇది.

ఊరి కింద రోడ్డు మలుపులో ఉంటుంది ఆ రేవు. పాత పెంకుల కప్పు, నాలుగు రాతి స్తంభాలు, మధ్యలో ఊట నీళ్ల తొట్టి. పగలు సైకిళ్ల మీద వచ్చేవాళ్లు అక్కడ సీసాలు నింపుకుంటారు, ఫొటోలు దిగుతారు. చీకటి పడ్డాక మాత్రం ఎవరూ ఆగరు. ఎంత అలసినా సరే, తొక్కుకుంటూ పోతారు.

ఎందుకంటే... చప్పుడు.

టప్... టప్... టప్... తడిబట్టని చెక్కతో బాదే చప్పుడు. ఊళ్లో సగం మంది విన్నారు. పాల వ్యాను డ్రైవరు తొట్టి పక్కన తెల్లటి ఆకారాన్ని చూసి బండిని గుంటలోకి దించాడు. నేనూ చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా కిటికీ మూసుకున్నాను.

మోర్వాన్ కొండల్లో తిరిగే సైకిళ్లవాళ్లకి నేను గదులు అద్దెకిస్తాను. ఆ వేసవిలో ఒక సాయంత్రం మొదట ఎడ్విజ్ భర్త రెజిస్ వచ్చాడు. అరుగు మీద చేరగిలబడి, చల్లటి బీరు తాగి, కాళ్లు చాపుకుని సేద తీరాడు. చాలాసేపటికి అతని భార్య వచ్చింది — మొహం కందిపోయి, రెండు పక్కలా బరువు సంచులతో.

"వచ్చావా? పద, భోజనానికి వేళయింది," అని లేచాడు.

దారి పొడుగునా అంతేనట. ప్రతి ఎత్తూ అతను ముందు ఎక్కేస్తాడు. పైన కూర్చుని ఎదురుచూస్తాడు. ఆమె రొప్పుకుంటూ చేరగానే "సరే, పద" అంటాడు. అతనికి విశ్రాంతి అయిపోయి ఉంటుంది. ఆమెకి ఎప్పటికీ మొదలు కాదు. అయినా లోకం దృష్టిలో భార్య కోసం ఆగే మంచి మొగుడు అతనే.

వంటింట్లో నేను పందిమాంసం ముక్కలేసి మందంగా అట్లు పోస్తుంటే ఎడ్విజ్ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, కింద దారి చీలేచోట ఎడమకి తిరిగితే అవలాన్ స్టేషనేనా?" అంది గొంతు తగ్గించి.

"అవును. కుడికైతే కొండ."

"రేపు నేను ఎడమకి తిరుగుతాను. మా చెల్లెలింటికి వెళ్లిపోతాను. మళ్లీ రాను."

"ఆయనకి చెప్పారా?"

"మనసులో ఇరవై ఏళ్ల నుంచీ చెబుతున్నాను. పైకి చెప్పలేదు. చెబితే నవ్వుతాడు. ఆయన నవ్వాక నాకే నా మాట మీద నమ్మకం పోతుంది... అందుకే చెప్పకుండానే తిరగాలి. ఆ చీలిక దగ్గర తిరగలేకపోయానా, ఇంక ఎక్కడా తిరగలేను."

నేను అట్టు తిరగేశాను.

భోజనానికి అన్సెల్మ్ కూడా వచ్చాడు. మా పక్కింటి ముసలాయన, ఒకప్పుడు ఊరికి మేయరు. నా ఇంట్లో కొత్తవాళ్లు దిగారంటే ఒక గ్లాసు వైనుకి ఒక దెయ్యం కథ చెబుతాడు. ఆయన భార్య ఫిలిబెర్త్ ఎప్పుడూ రాదు. ఎందుకు రాదని ఎవరం అడగలేదు.

"మా ఎడ్విజ్‌కి ఎత్తులు ఎక్కడం రాదు గానీ, వెనకబడమంటే మాత్రం ఎవరూ గెలవలేరు," అన్నాడు రెజిస్.

"వెనకబడితే జాగ్రత్త మేడమ్," అన్సెల్మ్ పొట్ట కదిలేలా నవ్వాడు. "చీకట్లో మా రేవు దగ్గర చాకలామె పిలుస్తుంది."

"ఎవరామె?" అని అడిగింది ఎడ్విజ్.

ముసలాయన గొంతు కిందికి దించాడు. "కన్నబిడ్డని చంపుకున్న తల్లి. చచ్చినా శాంతి లేదు దానికి. ఆ బిడ్డ గుడ్డలు ఉతుకుతూనే ఉంటుంది. నిన్ను చూసిందంటే... 'ఈ కొస పట్టుకో, పిండుదాం' అంటుంది. కాదన్నావా, చచ్చావే. పట్టుకున్నావా... ఆమె ఎటు తిప్పితే నువ్వూ అటే తిప్పాలి. ఎదురు తిప్పిన మరుక్షణం..." చేతులు రెండూ మెలిపెట్టి, నోటితో ఎముకలు చిట్లే చప్పుడు చేశాడు.

"ఇద్దరూ ఒకే వైపు తిప్పితే నీళ్లెలా దిగుతాయి?" అంది ఎడ్విజ్.

"దిగవు. బట్ట గిర్రున తిరుగుతుందంతే. తెల్లారేదాకా తిప్పుతూ ఉండాలి. ప్రాణం దక్కుతుందా లేదా?"

"విన్నావా?" అన్నాడు రెజిస్ భార్యతో. "చెప్పినట్టు వింటే ఏ గొడవా ఉండదు."

మగవాళ్లిద్దరూ గ్లాసులు తాకించుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా అమ్మమ్మల కాలంలో ఈ కొండల ఆడవాళ్లు పారిస్ వెళ్లి గొప్పింటి పిల్లలకి పాలిచ్చేవారు. వెళ్లేవారు అనకూడదు, పంపేవారు. మొగుడు పంపేవాడు, మామ పంపేవాడు. ఇక్కడ వాళ్ల సొంత పసికందులు మేకపాలు తాగి, విరేచనాలతో పోయేవారు. ఆ జీతంతో కట్టిన ఇళ్లని ఇప్పటికీ పాల ఇళ్లనే అంటాం. నేను గదులు అద్దెకిచ్చేది అలాంటి ఇంట్లోనే. గోడలు మగవాళ్ల పేరున నిలబడ్డాయి. పాపం మాత్రం తల్లుల పేరున రేవులో మిగిలింది. పైగా చచ్చాక కూడా బట్టలుతకడం తప్పలేదు వాళ్లకి! ఒక్క మామగారి దెయ్యమైనా అక్కడ మోకాళ్ల మీద కూర్చుని లంగోటీ ఉతికినట్టు నేను వినలేదు.

భోజనాలయ్యాక బట్టల మెషీన్ వాడుకోమన్నాను.

"వద్దు," అన్నాడు రెజిస్. "నా జెర్సీ మేలిరకం ఉన్నిది. మెషీన్‌లో వేస్తే పాడవుతుంది. చేత్తోనే ఉతకాలి."

ఎవరి చేత్తోనో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎప్పుడూ వచ్చినట్టు లేదు.

ఆ ఏడు కరువు. రాత్రి పొద్దుపోయాక ఊళ్లో కుళాయిలు కట్టేసేవారు, ఆమె ఉతుకుదామని లేచేసరికి కట్టేశారు. ఊట నీళ్లు రేవులోనే. బకెట్టు పట్టుకుని ఎడ్విజ్ దిగువకి నడిచింది. రెజిస్ అప్పటికే గురక పెడుతున్నాడు.

ఇక్కడినుంచి ఆమె మాటల్లో విన్నదే.

వెన్నెల లేదు. తలకి కట్టుకున్న సైకిల్ దీపం ఒక్కటే వెలుగు. మలుపు దాకా వెళ్లేసరికి అదీ మసకబారింది. ఛార్జింగు పెట్టడం మరిచిపోయింది — రోజూ ముందు రెజిస్ ఫోను పెట్టాలి కదా. దీపం ఆరిపోయింది.

అప్పుడు... టప్.

ఆగింది.

టప్... టప్...

చుక్కల మసక వెలుతురులో, తొట్టి అవతలి గట్టున ఎవరో మోకాళ్ల మీద ఉన్నారు. తలకి గుడ్డ. ముందుకి వంగిన వీపు. ముందర తెల్లగా, పొడుగ్గా... ఒక బట్ట. పసిబిడ్డ గుడ్డ కాదు. అంతకంటే చాలా పెద్దది. మనిషిని చుట్టేంత.

పారిపోదామనుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది.

చప్పుడు ఆగింది. తల ఇటు తిరిగింది. మొహం కనబడలేదు.

"వచ్చావా..." అంది గుసగుసగా. "ఈ కొస పట్టుకో."

ఎడ్విజ్ పట్టుకుంది. ఎందుకు పట్టుకున్నావని అడిగితే — "పట్టుకోమన్నారు కదా మేడమ్" అంది నాతో.

బట్ట మంచులా ఉంది. అవతలి చేతులు తిప్పడం మొదలుపెట్టాయి. ఎడ్విజ్ ఆ చేతుల్నే చూస్తూ అటే తిప్పింది. మళ్లీ తిప్పాయి. మళ్లీ అటే. బట్ట బరువుగా, గుండ్రంగా తిరుగుతోంది. చుక్క నీరు రాలడం లేదు. భుజాలు లాగుతున్నాయి. పగలంతా కొండలెక్కిన భుజాలు. అటే... ఇంకా అటే... ఇలా తెల్లారేదాకా తిప్పగలనా? తిప్పగలను — అనుకుందట. అలవాటేగా.

అవతలి చేతులు ఆగిపోయాయి.

చీకట్లో ఒక నిట్టూర్పు.

"ఏమే పిల్లా..." అంది దెయ్యం. "నీకు బట్ట పిండటం రాదా?"

ఎడ్విజ్ కొస వదల్లేదు.

"ఎదురు తిప్పవే! ఇలాగైతే ఇక్కడే తెల్లారుతుంది. నాకు నడుం పట్టేసింది."

"ఎదురు తిప్పితే... చేతులు..."

"ఆఁ, విరుగుతాయి! ఆ కథ నీకెవరు చెప్పారో తెలుసులే. తిప్పు!"

కళ్లు గట్టిగా మూసుకుని ఎదురు తిప్పింది.

నీళ్లు బొళుక్కున కారాయి. పాదాల మీద, రాళ్ల మీద. చేతులు విరగలేదు. ఏమీ కాలేదు. ఇంత తేలికా, అనుకుందట ఎడ్విజ్. ఎదురు తిప్పడం ఇంత తేలికా!

గాలిలో ఉచ్చ వాసన వచ్చింది.

అది దుప్పటి. ఆ ముసలామె అన్సెల్మ్ భార్య, ఫిలిబెర్త్.

"ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆయనకి రాత్రిళ్లు ఆగదు," అంది ఆమె ఇంకో దుప్పటి ముంచుతూ. "పగలు ఆరేస్తే ఊరంతా చూస్తుందట. మేయరుగా చేసిన మనిషి కదా. రాత్రి మెషీన్ వేస్తే ఆ చప్పుడుకి ఆయనకి నిద్ర పట్టదు. అందుకని ఇక్కడ ఉతికి, అటక మీద ఆరేస్తాను."

"మరి ఆ చాకలామె కథ?"

"మా అమ్మమ్మల నాటిది. అందరూ మరిచిపోయారు. ఆయనే మళ్లీ లేవదీశాడు. రాత్రిపూట ఇటు ఎవరూ రాకూడదని."

"మీకు కోపం రాలేదా?"

ఫిలిబెర్త్ చెక్క దించింది. ఆ ప్రశ్న తనకి అర్థం కానట్టు చూసిందట. తర్వాత బకెట్టులోకి వంగి జెర్సీ బయటికి తీసింది.

"మీ ఆయనదా? మంచి ఉన్ని. దీన్ని మెలిపెట్టకూడదు పిల్లా, సాగిపోతుంది, మళ్లీ నీ మీద అరుస్తాడు. ఇలా... అరచేతుల మధ్య నొక్కాలి. రా, చూపిస్తాను."

ఇద్దరూ కలిసి రెజిస్ జెర్సీని మెల్లగా, జాగ్రత్తగా నొక్కారు.

"ఇంక వెళ్లి పడుకో. రేపు కొండ ఎక్కాలిగా," అంది ఫిలిబెర్త్.

తెల్లవారి నా వంటింట్లో ఇదంతా చెబుతూ ఎడ్విజ్ కాఫీ ముట్టుకోలేదు. రొట్టె ముక్కని పొడిగా నలిపింది.

"దెయ్యమైనా బాగుండేది మేడమ్," అంది. "దెయ్యమైతే భయపడి ఊరుకునేదాన్ని. ఆవిడ నన్ను చూసి నవ్వింది. సొంత మనిషిని చూసినట్టు. 'వచ్చావా' అంది... నా కోసమే అక్కడ ఉన్నట్టు."

"ఎడమకే తిరుగుతారుగా?" అన్నాను.

"తిరుగుతాను."

నా మేడ కిటికీలోంచి ఆ చీలిక కనబడుతుంది. ముందు రెజిస్ వచ్చాడు. తలైనా తిప్పకుండా కుడికి మళ్లి ఎత్తు ఎక్కేశాడు. చాలాసేపటికి ఎడ్విజ్ వచ్చింది. చీలిక దగ్గర ఆగి ఒక కాలు నేల మీద పెట్టింది. ముందు చక్రం ఎడమకే ఉంది. నేను కిటికీ చట్రం పట్టుకుని నిలబడ్డాను. పైనుంచి అతను పిలవలేదు, తొందరపెట్టలేదు. మలుపులో రాతి మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆమె ముందు చక్రాన్ని కుడికి తిప్పుకుంది.

ఆ చలికాలంలోనే ఫిలిబెర్త్ పోయింది. పోయింది కాబట్టే ఇదంతా రాస్తున్నాను. రేవులో చప్పుడు కొన్నాళ్లు ఆగింది. ఈస్టరు తర్వాత ఒక రాత్రి మళ్లీ వినబడింది... టప్... టప్... ఈసారి నేను కిటికీ మూయలేదు, లాంతరు పట్టుకుని దిగి వెళ్లాను. అన్సెల్మ్‌కి వంట చేసిపెట్టడానికని అంతకుముందు వారమే కొడుకు, కోడలు వచ్చి చేరారు. మోకాళ్ల మీద ఉన్నది కోడలు.

ఎడ్విజ్ తన సైకిల్ అమ్మేసింది. మరుసటి వేసవిలో వాళ్లిద్దరూ ఇద్దరు తొక్కే, ముందు సీటువాళ్లే మలుపు తిప్పే సైకిల్ ఒకటి కొనుక్కుని మా ఊరి మీదుగా వెళ్లారు. ఆమె వెనక సీటులో కూర్చుని తొక్కింది.