బుధవారం నాటి బీపీ

"మాట్లాడకండి," అంది నర్సు, అతని చేతికి బీపీ పట్టీ చుడుతూ.

"నేనేం మాట్లాడలేదండీ."

"మరి ఇప్పుడు మాట్లాడుతున్నదెవరు?"

లిఫ్టు మెకానిక్ నోరు మూసుకున్నాడు. మిషను కాసేపు మూలిగి నూట యాభై రెండు బై తొంభై ఆరు అని చూపించింది. నాడి నూట పది.

"మెట్లెక్కి వచ్చారా?"

"లిఫ్టులోనేనండీ. నేను బాగుచేసిందే."

"అయితే భయంతో పెరిగుంటుంది."

కార్డులో అంకెలు రాసి, పక్కన సంతకం పెట్టింది. ఇక్కడ ఎవరు చూస్తే వాళ్లు సంతకం పెట్టాలి. ఆమె నవ్వలేదు గానీ, కంటి చివర ఏదో కదిలింది. ఆ కదలిక అతనికి వారమంతా గుర్తుండిపోయింది.

అంతకుముందు ఎనిమిది నెలలు అతను మంచం దిగలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, లేవాలని లేదు, అంతే. పడగ్గది కప్పు మీద ఎన్ని పగుళ్లున్నాయో అతనికి తెలుసు. డిప్రెషన్ అని డాక్టరు మాత్రలు రాశాక, మూడో నెలలో ఒకరోజు లేచి, స్నానం చేసి, పనికెళ్లాడు. అడిగినవాళ్లకి అమ్మ "బలం మాత్రలు" అని చెప్పింది. పక్కింటావిడ తన కొడుక్కీ ఓ రెండు ఇమ్మంది.

కార్డు చూసి డాక్టరు నిట్టూర్చాడు. "ఈ మందు కొందరిలో సింపథెటిక్ నరాలను ఎగదోస్తుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ఇంట్లో రోజూ చూసుకోండి, ఇక్కడికి ప్రతి బుధవారం రండి. నెలలో తగ్గకపోతే మందు మార్చాలి."

మార్చడమంటే మళ్లీ ఆ కప్పు కిందికే అనిపించింది అతనికి. "సరేనండి," అన్నాడు. అంతకన్నా పొడుగు మాటకి ఓపిక లేదు.

ఆ సాయంత్రమే అమ్మ ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. నాన్న బీపీ మిషను కొని తెచ్చి, రెండు పూటలా చూసి నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాయసాగాడు. రిటైరయ్యాక ఆయనకు దొరికిన మొదటి ఉద్యోగం అది.

"నూట ఇరవై రెండు బై డెబ్భై ఎనిమిది! వీడికి బాగానే ఉందిగా, మరి నాకెందుకే ఈ చప్పిడి కూడు?"

"కన్నకొడుకు కోసం ఆ మాత్రం తినలేరా?"

బుధవారం వస్తే మాత్రం మళ్లీ నూట యాభై.

"ఉప్పు మానేశారా, లేదా?" నర్సు గద్దించింది.

"మా నాన్న కూడా మానేశారండీ."

ఈసారి ఆమె నవ్వేసింది. మిషను నూట యాభై ఎనిమిది చూపించింది.

అయిదో బుధవారం డాక్టరు నోటుబుక్కునీ కార్డునీ పక్కపక్కన పెట్టాడు. "ఇంట్లో బాగుంది, ఇక్కడ పెరుగుతోంది. ఆస్పత్రి భయం అనుకుందామంటే..." ఆయన వేలు మూడో బుధవారం దగ్గర ఆగింది. నూట ఇరవై నాలుగు బై ఎనభై. పక్కన సంతకం మీసాల పెద్ద నర్సుది. ఆరోజు, ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఈ నర్సు సెలవు.

డాక్టరు కళ్లద్దాల మీదుగా నర్సుని చూశాడు. తర్వాత మెకానిక్‌ని చూశాడు. ఇలాంటివి చూసే వయసు దాటిపోయిందన్నట్టు కళ్లు నులుముకున్నాడు.

"మందుది తప్పేం లేదు. అదే వాడండి. ఇకనుంచి బీపీ మాత్రం పెద్ద నర్సు చూస్తాడు."

మొదటి మాటకి అతని ప్రాణం లేచొచ్చింది. చివరి మాటకి మళ్లీ కూలబడింది.

బయటి గదిలో ఆమె మిషను సర్దుతోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇన్ని వారాలూ ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"మాట్లాడొద్దన్నారుగా."

ఆమె స్టూలు మీద కూర్చుని, పట్టీ తన చేతికే చుట్టుకుని, "బటన్ నొక్కండి," అంది.

నొక్కాడు. మిషను మూలిగింది. నాడి నూట పదహారు.

అతను పెన్ను తీసుకుని, తన కార్డులోనే ఆ అంకె రాసి, పక్కన సంతకం పెట్టాడు.

"నేనైతే ఏ మాత్రలూ వేసుకోవట్లేదండీ," అంది ఆమె, మెల్లగా.