ఝుంకారపిట్ట మేలుకొన్న పూట

పదకొండు గంటలకు పక్కింటి పైడమ్మ తలుపు తోసుకుని వచ్చేసరికి, కౌముది తన భర్త పడుకున్న శీతపేటిక మీద గడ్డం ఆనించుకుని, అద్దంలోంచి అతని ముఖం చూస్తూ కూర్చుని ఉంది.

“ఏటే, పొద్దుట్నుంచీ అలాగే సూత్తన్నావా? ఆడి మొకం అరిగిపోద్దే పిల్లా!”

“అరగనీ అత్తా. ఇవాళ కొత్త సంగతి కనిపెట్టాను. నిద్రలో ఈయన ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే రవ్వంత పైకుంటుంది.”

“పెల్లయి పదకొండ్రోజులయినాది. ఇంకా కనుబొమ్మల కాడే ఉన్నారేటి?”

కౌముది సిగ్గుపడి నవ్వేలోగా పైడమ్మ కొంగుముడి విప్పింది. అందులో బొటనవేలంత పిట్ట ఉంది. పచ్చని ఒళ్లు, సూదిలాంటి ముక్కు. కళ్లు మూసుకుని, ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది.

“గాజుతోటలో పడున్నాది. పారేయమన్నారు. నీకు సరదా కదాని తెచ్చినాను. బతకదులే,” అని పైడమ్మ పనికి వెళ్లిపోయింది.

తేనెటీగలు అంతరించాక, పూలకు పుప్పొడి అంటించడానికి దూరదేశాల నుంచి ఈ ఝుంకారపిట్టలను తెచ్చి లంబసింగిలో అద్దాల కప్పుల కింద పెంచే గాజుతోటల్లో వదిలారు. ఆకలివేళ ఒళ్లు చల్లార్చుకుని, గుండెను నెమ్మదింపజేసుకుని పడుకోవడం వీటి విద్య. పంటలు వరసగా పోయిన ఏళ్లలో మనిషి వాటి దగ్గర ఆ విద్యే నేర్చుకున్నాడు. దానికి పొదుపునిద్ర అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇంటింటా మనిషికొక శీతపేటిక. రోజుకు పదహారు గంటలు అందులో చల్లబడి పడుకుంటే, తక్కిన ఎనిమిది గంటలకు గుప్పెడన్నం చాలు. కౌముది మెలకువ ఏడింటి నుంచి మూడింటి దాకా. గాజుతోటలో పనిచేసే ఆమె భర్త సింహాద్రి మెలకువ ఒంటిగంట నుంచి తొమ్మిదింటి దాకా. ఆలుమగలిద్దరూ ఒకరినొకరు చూసుకుని మాట్లాడుకునేది రెండంటే రెండు గంటలు. ఆ రెండు గంటల కోసమే కౌముది పొద్దుటి నుంచీ కబుర్లు పోగుచేస్తుంది.

ఇవాళ కబురు కాదు, ఏకంగా పిట్టే దొరికింది. ఒంటిగంటకు అతను కళ్లు తెరిచేసరికి ఇది అతని ముఖం మీద ఎగురుతూ ఉండాలి. ఈ ఆలోచన రాగానే ఆమెకు కాలు నేల మీద నిలవలేదు.

ఒక చెంచా పంచదారకు నాలుగు చెంచాల నీళ్లు కలిపింది. దూదివత్తిని తడిపి ముక్కు కొసకు ఆనించింది. చుక్క జారిపోయింది. పిట్ట మింగలేదు. దానికి ముందు వెచ్చదనం కావాలి. పొయ్యి వంటవేళకు తప్ప వెలగదు. బయట కొండల మీద మంచు ఇంకా విడలేదు. తన అరచేతులా, గడ్డకట్టి ఉన్నాయి.

పన్నెండయింది. సింహాద్రి పేటికలో నారింజరంగు దీపం వెలిగింది. మేలుకొలుపు మొదలైంది. ఇక గంటసేపు ఛాతీ మీది వెచ్చదుప్పటి అతని ఒంటిని కొద్దికొద్దిగా కాగబెడుతుంది.

మామూలుగా పేటికలకు తాళం ఉంటుంది. కొత్తజంటలకు మాత్రం పదహారు రోజుల పండుగ దాకా ఉండదు. భర్తను కొత్త పెళ్లికూతురే చేయి తాకించి లేపాలని ఊళ్లో ఆడవాళ్లు పట్టుబట్టి తెచ్చుకున్న మినహాయింపు అది.

కౌముది మూత ఎత్తింది. పిట్టను దూదితో సహా అతని గుండెమీద, గుండెచప్పుడు లెక్కపెట్టే నాడికన్ను పక్కన పెట్టింది. “కాస్త చోటివ్వండి. చిన్న చుట్టం వచ్చింది,” అని మూత దించింది.

పావుగంటకు పిట్ట ఈకలు ఉబ్బాయి. మరి కాసేపటికి ముక్కు తెరుచుకుంది. మూత సందులోంచి వత్తి అందిస్తే, దారంలాంటి నాలుక బయటికొచ్చి నీటిని తాగింది. ఒక చుక్క, రెండో చుక్క! కౌముది నోటికి చేయి అడ్డుపెట్టుకుని గెంతింది.

అప్పుడే పేటిక మాట్లాడింది.

“నిద్రితుని గుండెవేగం అధికం.”

కౌముది ఆగిపోయింది. ఇన్ని రోజుల్లో పేటిక ఈ మాట అనలేదు. ఆమె ముఖం విచ్చుకుంది.

“నేనొచ్చానని తెలిసిపోయిందా? కళ్లు మూసుకునే దొంగవేషాలా?” అని అద్దం మీద వేలితో కొట్టింది.

“తలకు చల్లదనం పెంచుతున్నాం,” అంది పేటిక.

నారింజరంగు దీపం పక్కన నీలంది వెలిగింది. రెండు రంగులూ కలిసి అతని ముఖం మీద పడితే ఎంతో అందంగా ఉంది. పిట్ట గుండె నిమిషానికి వందలసార్లు కొట్టుకుంటోంది. నాడికన్ను వినేది ఆ గుండెనే. మేల్కొనేవాడి గుండె అలా పరిగెడితే మెదడు ఉడికిపోకుండా మెడకు చుట్టిన చల్లని పట్టీతో తలను గడ్డకట్టించాలని పేటికకు నేర్పారు. ఒక పేటికలో రెండు గుండెలుంటాయని నేర్పలేదు.

మరో రెండుసార్లు అదే మాట వినిపించింది. రెండుసార్లూ కౌముది మురిసిపోయింది. పిట్ట ముందే ఎగిరిపోతుందేమోనని మూతను రెండు చేతులా అదిమిపట్టుకుంది.

ఒంటిగంటకు మూత లేచింది. పిట్ట జుయ్యిమంటూ పైకి లేచి, సరిగ్గా ఆమె కోరుకున్నచోటే, అతని కళ్లకెదురుగా గాలిలో నిలబడింది.

సింహాద్రి కణతల మీద మంచు పేరుకుని ఉంది. కళ్లు తెరిచి పిట్టను చూశాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత కౌముదిని చూసి, చప్పున దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

“ఎవరండీ మీరు?”

“చాల్లెండి వేషాలు.”

“లేదండీ, నిజంగానే. తోటవాళ్లు పంపారా? ఈ పిట్టతో వచ్చారా?”

ఆ మర్యాదలో ఎక్కడా కొంటెతనం లేదు. కౌముది వంటగదిలోకి వెళ్లి సహాయవాణి మీట నొక్కింది. అన్నీ విని అవతలి గొంతు చెప్పింది: “అతిశీతలానికి ముందు పోయేవి కొత్త జ్ఞాపకాలమ్మా. మూడు నాలుగు నెలలవి పోయుంటాయి. అవిక రావు. రేపు వైద్యులొస్తారు. అప్పటిదాకా ఏమీ చెప్పకండి. దిగ్భ్రమ తగిలితే గుండె ఆగుతుంది.”

ఆమె ముఖం కడుక్కుని తిరిగొచ్చింది. “అవునండీ. తోటవాళ్లే పంపారు. రేపటిదాకా ఇక్కడే ఉంటాను. నా పేటిక కూడా పంపారు.”

పిట్ట అతని వేలి మీద వాలి ఉంది. అతను ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. “భలే బతికించారండీ,” అన్నాడు. తర్వాత ఆమె మెడవైపు చూసి, “పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. కొత్తగా పెళ్లయిందా?”

“పదకొండు రోజులు.”

“అయితే మిమ్మల్నే అడగాలి. ఆదివారం చోడవరంలో నాకు పెళ్లిచూపులు. ఫొటో పంపారు. వద్దని చెబుదామనుకుంటున్నాను.”

కౌముది పంచదార నీళ్ల గిన్నెను అతని వైపు జరిపింది. “ఎందుకని?”

“పళ్లన్నీ బయటపెట్టి ఒకటే నవ్వు. ప్రతిదానికీ మురిసిపోయే మనిషిలా ఉంది. నేను నెమ్మదస్తుణ్ణి. అలాంటి మనిషితో కాపురం విసుగు కదండీ? మీరు చూడండి, ఎంత కుదురుగా ఉన్నారో. మీ ఆయన అదృష్టవంతుడు.”

ఆ ఫొటోలోని అమ్మాయిని అతను ఎదురుగా పెట్టుకుని కూడా గుర్తుపట్టలేదు. ఆమె ముఖంలో ఆ నవ్వు లేదు మరి.

మిగిలిన గంటన్నర అతను పిట్టకు పంచదార నీళ్లు పట్టాడు. మూడింటికి ఆమె పేటిక పిలిచింది. కౌముది వెళ్లి పడుకుంది. మూత దిగడం మొదలయ్యాక అతను హడావిడిగా దగ్గరికొచ్చాడు.

“ఒక్కమాట చెప్పండి. ఆ అమ్మాయి నొచ్చుకోకుండా ఏమని చెప్పమంటారు?”

చల్లదనం అప్పటికే ఆమె మెడకు తగిలింది.

“‘అమ్మాయి బాగుంది, మాకే ఇప్పుడు తొందర లేదు’ అనండి. అలా అంటే ఎవరికీ నొప్పి ఉండదు.”

“అమ్మాయి బాగుంది, మాకే ఇప్పుడు తొందర లేదు,” అన్నాడతను. కుదిరిందో లేదోనని మరోసారి అన్నాడు. మూత పడిపోయాక కూడా అతని పెదవులు ఆ మాటనే వల్లెవేస్తూ అద్దంలోంచి కనిపించాయి.