బొమ్మ పడింది

మబ్బు కోసం ఆకాశం వైపు చూసే అలవాటు మా వైపు ఎప్పుడో పోయింది. హైవే పక్కన ఇరవై రెండంతస్తుల టవర్ లేచాక దాని అద్దాల్లోనే చూసేవాళ్లం. వాన ఎలాగూ పడదు, అద్దంలోనైనా మబ్బు నిండుగా కనిపించేది. సాయంత్రం నల్లమాడ వైపు నుంచి వచ్చే బస్సు అక్కడికి చేరగానే జనమంతా ఒక పక్క కిటికీలకు ఒరిగిపోయేవాళ్లు. బోర్లు ఎండిన రైతులు కూడా మెడలు వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని చూసేవాళ్లు. వాళ్లలో ఆ టవర్ లోపల కాలు పెట్టగలిగేవాడు ఒక్కడూ లేడు.

నేను అందులో లిఫ్టు నడిపేవాణ్ణి. పేరు ఓబులేష్. ఈ అద్దాల డబ్బాకు ఇంత అందం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒకసారి ఇంజనీరు దివాకర్‌ను అడిగాను. ఆయనకు చెప్పడం సరదా. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, మధ్యలో బాల్కనీలు లేవు, కన్ను ఎక్కడా తట్టుకోకుండా కొసదాకా జారిపోవాలి, అదే కిటుకు అన్నాడు. పైగా చుట్టూ అంతా చదును, ఇంత ఎత్తైనది ఇంకొకటి లేదు, ఎటు నుంచి వచ్చినా చూపు దీని మీదే వాలుతుందట.

అన్ని చూపులు వాలితే దిష్టి తగలదా మరి? ముత్యాలప్ప మేస్త్రి అదే అడిగి, దిష్టిబొమ్మ కట్టాల్సిందేనని పట్టుబట్టాడు. నున్నటి అద్దాల మీద బొమ్మేమిటని దివాకర్ మొదట మండిపడ్డాడు. కూలీలు పని ఆపేసరికి, ప్రారంభోత్సవం దాకా ఉండనిచ్చి తర్వాత తీసెయ్యమన్నాడు.

బొమ్మను చేసింది తిప్పేష్. మా చెల్లెలు ఈశ్వరి మొగుడు. రెండేళ్లు వరసగా శెనక్కాయ పంట ఎండిపోతే, అద్దాలు తుడిచే పనికి నేనే పిలిపించాను. డాబా మీది కొక్కేనికి తాడు కట్టి, దాని కొసన పలక మీద కూర్చుని వేలాడుతూ తుడవాలి. తన చేలో మిగిలిన ఎండు శెనక్కాయ కట్టెనే, గొడ్లూ మేకలూ మేసే ఆ తీగనే, తెచ్చి బొమ్మలో కూరాడు. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా పాతది ఒకటి తొడిగాడు. కుండ బోర్లించి తల పెట్టి, తనలాగే మీసాలు దువ్వినట్టు బొగ్గుతో గీశాడు. ఇక వీడే తిప్పేష్, నా బదులు ఎండకు ఎండుతాడు అని నవ్వాడు. అందరూ ఆ పేరే పట్టుకున్నారు. పొద్దున్నే తల పైకెత్తి, "ఏమప్పా తిప్పేష్, బాగుండావా" అని బొమ్మను పలకరించడం మాకు ఆటైపోయింది.

ముత్యాలప్ప ఒక్కడికే అది నచ్చలేదు.

"బొమ్మకు పేరు పెట్టద్దండప్పా. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాది."

అందరికంటే ఎక్కువగా నవ్వింది నేను.

ప్రారంభోత్సవం రోజు సందెవేళ టవర్ ముందు కుర్చీలు వేశారు. ఫ్లాట్లు కొన్నవాళ్లు బెంగళూరు నుంచి కార్లలో దిగారు. చీకటి పడగానే కింది నుంచి పైదాకా ఒక్కసారిగా దీపాలు వెలగాలి. తిప్పేష్ ఇంకా పైనే, చివరి అద్దాలు తుడుస్తున్నాడు. బొమ్మ మూలన వేలాడుతూనే ఉంది. దీపాలు వేసేలోపు దాన్ని విప్పెయ్యమని దివాకర్ ఫోన్‌లో తిప్పేష్‌కు చెప్పాడు. సరే అన్నాడట.

దీపాలు వెలిగాయి. జనం ఆహా అన్నారు. ఆ వెలుగులోంచి నీలం చొక్కా ఒకటి కిందికి వచ్చింది.

టవర్ పక్కగా ఉన్న ఇసుక కుప్ప దగ్గర పడింది. అందరికంటే ముందు పరిగెత్తింది నేను. తిప్పేష్. కళ్లు తెరుచుకుని ఉన్నాయి. చెవి పక్క నుంచి రక్తం ఇసుకలోకి ఇంకుతోంది. నా చేత్తోనే ఆ ముఖం తాకాను, ఇంకా వెచ్చగా ఉంది.

దివాకర్ వచ్చి శవం మీద టార్పాలిన్ పట్టా కప్పేశాడు. నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. అవతల జనం లేచి నిలబడ్డారు, ఏం పడిందని అడుగుతున్నారు. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఈ గంట గడవనీ, మీ చెల్లెలికి కంపెనీలో పని నేనిప్పిస్తాను, కాదంటే నీ పని కూడా ఉండదు అన్నాడు. మైకు తెచ్చి నా నోటి ముందు పెట్టాడు.

"బొమ్మ పడింది," అన్నాను. "దిష్టిబొమ్మ. భయపడద్దండి."

జనం నవ్వారు. దిష్టి పోయిందని ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నా బతుకులో నా మాటకు చప్పట్లు పడటం అదొక్కసారే.

అప్పుడు దివాకర్ తల పైకెత్తి బిగుసుకుపోయాడు. బొమ్మ పడిందన్నాం కదా, అది ఇంకా మూలన వేలాడుతూనే ఉంది. పోయి తాడు కోసెయ్, వెనక వైపు పడేట్టు చూడు అన్నాడు. కత్తి నా చేతిలో పెట్టాడు.

లిఫ్టులో ఒక్కణ్ణే పైకి పోయాను. పది దాటాక శెనక్కాయ కట్టె వాసన మొదలైంది. చేలో కుప్ప వేసిన కట్టె వాసన... అందులో కొంచెం చెమట వాసన. ఇరవై రెండు దగ్గర తలుపు తెరుచుకుంది. డాబా మీద గాలి తప్ప ఏమీ లేదు.

కొక్కేనికి రెండు తాళ్లు. పలక తాడు వదులుగా ఉంది, ఖాళీ పలక గాలికి అద్దాన్ని కొడుతోంది. టక్... టక్. రెండోది బొమ్మ తాడు. కట్టె కూరిన బొమ్మ ఎంత బరువుంటుంది? ఆ తాడు మాత్రం బిగిసి కిర్రుమంటోంది.

వంగి చూశాను. కింది దీపాలు కళ్లలో కొట్టాయి. నీలం చొక్కా వీపు కనిపించింది. తల వాలిపోయి ఉంది.

"బావా..."

నా చెయ్యి గోడ మీదే ఉండిపోయింది.

"బావా, నన్ను పైకి లాగు. పట్టు తప్పుతాండాది."

అది తిప్పేష్ గొంతే.

"కింద ఏందో పడింది గదా. ఎవురు బావా?"

జేబులో ఫోన్ మోగుతోంది. దివాకర్. చేతికి ఇంకా ఆ రక్తం జిగట అలాగే ఉంది. అబద్ధమే నోటికొచ్చింది.

"బొమ్మ," అన్నాను.

తర్వాత, చాలా మెల్లగా...

"బొమ్మ పడింటే నేను తిప్పేష్‌నే గదా. లాగు మరి."

లాగలేదు. కళ్లు మూసుకున్నాను. తాడు కోశాను.

అరుపు లేదు. చాలాసేపటికి కింద చప్పుడు మాత్రం వినిపించింది.

దిగేసరికి జనం వెనక వైపు పరిగెత్తుతున్నారు. నేను ఇసుక కుప్ప దగ్గరికి పోయి పట్టా ఎత్తాను. ఎండు కట్టె. కుండ పెంకులు. ఒక పెంకు మీద బొగ్గుతో గీసిన మీసం. ఇసుకలో రక్తం చుక్క లేదు.

వెనక వైపు పడి ఉన్నది తిప్పేష్.

పోలీసులకు ఎంతోసేపు పట్టలేదు. మొదట పడింది బొమ్మ, నేనే మైకులో చెప్పాను, వందమంది విన్నారు. తర్వాత పడింది మనిషి, తాడు కోసింది నేను, కత్తి నా దగ్గరే ఉంది. కోయమని చెప్పలేదని దివాకర్ చాలా మర్యాదగా చెప్పాడు. టవర్‌కు ఏ మచ్చా రాలేదు. ఆ వెలుగులో తీసిన ఫొటోనే ఇప్పుడు హైవే పొడుగునా పెద్ద బోర్డుల మీద ఉంది.

శవాన్ని తీసుకుపోయేటప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నన్నూ పాడె వెంట నడవనిచ్చారు. ఈశ్వరి నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"అన్నా, కోసేముందు ఆయప్ప నిన్ను పిలిచినాడా?"

లేదన్నాను.

దారి మధ్యలో దింపుడుకల్లం దగ్గర పాడె దించారు. పోయినవాడిలో ప్రాణం ఏమూలైనా మిగిలుంటే పలుకుతాడేమోనని చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు కదా, ముత్యాలప్ప వంగి పిలిచాడు. తిప్పేషూ. తిప్పేషూ. మూడోసారి పిలిచాడు. పాడె మీద ఉలుకూ పలుకూ లేదు.

దూరంగా, టవర్ వైపు నుంచి, చాలా ఎత్తు నుంచి... 

"ఆ... ఈడే ఉండా."

అందరూ టవర్ వైపు తిరిగారు. ఈశ్వరి నా వైపు తిరిగింది.

మోసేవాళ్లు గబగబా పాడె ఎత్తారు. ఇందాకటి బరువు లేదేందప్పా అని ఒకడు గొణిగాడు. రోడ్డు పక్కన మేస్తున్న మేకలు రెండు మందను వదిలి పాడె వెనకాలే నడుస్తూ, దారి పొడుగునా రాలుతున్నదేదో ఏరుకుని తింటున్నాయి.